మీటరు బోర్డు మీద లైటు పడితే: బండి చెప్పేదేమిటి, షోరూమ్ బిల్లులో ఉండేదేమిటి

ఈ మధ్య కారున్న ఏ ఇంట్లో కూర్చున్నా ఒక మాట వస్తోంది: "బండి బాగానే నడస్తా ఉంది, లైటు మాత్రం పోవట్లా." షోరూముకు తీసుకెళ్తే సెన్సారు పోయిందన్నారు, మార్చారు, పది వేలు కట్టించుకున్నారు. వారం తిరక్కముందే అదే లైటు మళ్లీ పడింది. నెల్లూరు ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్కుకు చూపిస్తే "అదేం కాదన్నా, ఆ లైటును పట్టించుకోబాక" అన్నాడు. షోరూమ్ వాళ్లు మోసం చేశారా? మెకానిక్కు తేలిగ్గా తీసేశాడా? చాలాసార్లు రెండూ కావు. ఆ లైటు అసలు ఏం చెబుతుంది, ఏం చెప్పలేదు అనే దగ్గరే ఈ తగాదా మొదలవుతుంది.

ఎరుపు, పసుపు: తేడా రంగులోనే ఉంది

లైటు బొమ్మలకు ఐఎస్‌వో 2575 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందుకే ఏ కంపెనీ కారైనా ఆయిల్ క్యాన్ బొమ్మ ఒకేలా కనిపిస్తుంది. ఎరుపు అంటే ఇప్పుడే ఆపాల్సిన విషయం. పసుపు అంటే బండి నడుస్తుంది కానీ ఏదో తేడాగా ఉంది, చూపించుకోవాలి. ఆకుపచ్చ, నీలం ఏదో ఒకటి పనిచేస్తోందని తెలియజేయడానికే.

ఎర్ర లైట్లలో రెండింటిని జనం తరచూ తప్పుగా అర్థం చేసుకుంటారు. ఆయిల్ క్యాన్ బొమ్మ చాలా బండ్లలో చెప్పేది ఆయిలు ఎంత ఉందని కాదు, ఆయిలు ప్రెషరు పడిపోయిందని. డిప్‌స్టిక్ మీద ఆయిలు నిండుగా కనిపించినా పంపు దాన్ని పైకి తోయకపోతే ఆ లైటు పడుతుంది. అప్పుడు ఇంజిను లోపల ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. కావలి దాటాక ఈ లైటు పడితే "ఒంగోలు దాకా లాగేద్దాం" అనుకోవడం ఇంజినునే పందెం కాయడం. కొద్ది నిమిషాల్లోనే బేరింగులు పట్టేయొచ్చు. జాతీయ రహదారి మీద ఇలాంటి సమయంలో సాయానికి 1033 నంబరు ఉంది.

రెండోది బ్యాటరీ బొమ్మ. అది పడగానే బ్యాటరీ పోయిందనుకుని కొత్తది వేయించేవాళ్లున్నారు. ఆ లైటు చెప్పేది ఛార్జింగు జరగడం లేదని. ఛార్జింగు చేసే ఆల్టర్నేటరో, దాన్ని తిప్పే బెల్టో పనిచేయడం లేదన్నమాట. కొత్త బ్యాటరీ వేసినా లైటు పోదు, అది కూడా కాసేపటికి దిగిపోతుంది. కొన్ని బండ్లలో నీళ్ల పంపును తిప్పేదీ అదే బెల్టు. అది తెగితే వెనకాలే టెంపరేచరు లైటు కూడా వస్తుంది.

బ్రేకు లైటు హ్యాండ్‌బ్రేకు దించకపోయినా వస్తుంది, బ్రేకు ఆయిలు తగ్గినా వస్తుంది. బ్రేకు ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో ఆయిలు మట్టం దిగుతుంది కాబట్టి ఈ లైటు కొన్నిసార్లు ప్యాడ్లు అయిపోవచ్చాయని చెప్పే మొదటి కబురు కూడా.

చెక్ ఇంజిన్ లైటు ఎప్పుడు వెలుగుతుంది

గొడవలన్నీ ఈ పసుపు ఇంజిను బొమ్మ దగ్గరే. ఇంజినును నడిపే చిన్న కంప్యూటరును ఈసీయూ అంటారు. గాలి ఎంత వస్తోంది, పెట్రోలు ఎంత పోతోంది, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలింది, నీళ్లు ఎంత వేడెక్కాయి అని అది ఎడతెగకుండా కొలుస్తుంటుంది. ఏ కొలతైనా ఉండాల్సిన హద్దు దాటితే ఒక కోడ్ రాసి పెట్టుకుంటుంది.

ఒక్కసారి తేడా కనిపించగానే లైటు వెలిగించదు. చాలా లోపాల విషయంలో వరుస ప్రయాణాల్లో అదే తేడా మళ్లీ కనిపిస్తేనే వెలుగుతుంది. ఆర్పడం కూడా అంతే, లోపం పోయాక కొన్ని ప్రయాణాలు సవ్యంగా సాగితేనే ఆరుతుంది. కాబట్టి లైటు దానంతట అదే పోయిందంటే బండి బాగైపోయిందని అర్థం కాదు, పాత కోడ్ లోపల ఉండే ఉంటుంది.

లైటు నిలకడగా వెలగడం వేరు, టపటపా కొట్టుకోవడం వేరు. కొట్టుకుంటోందంటే ఏదో సిలిండరులో పెట్రోలు సరిగా మండడం లేదు. మండని పెట్రోలు సైలెన్సరు దారిలో ఉండి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరులోకి పోయి అక్కడ మండుతుంది, దాన్ని కాల్చేస్తుంది. కన్వర్టరులో ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి ఖరీదైన లోహాలుంటాయి. ఒక స్పార్క్‌ప్లగ్గుతో పోయే ఖర్చు వేల నుంచి లక్ష వైపు పోయేది ఇలాగే.

ఇన్ని లైట్లు ఇప్పుడే ఎందుకు కనిపిస్తున్నాయంటే, బండ్లు నాసిరకం అయిపోయి కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి పొగకు హద్దులు పెట్టే బీఎస్‌-6 నిబంధనలు, 2023 ఏప్రిల్ 1 నుంచి వాటి రెండో దశ వచ్చాయి. రోడ్డు మీద నడుస్తుండగానే పొగను అదుపులో పెట్టే పరికరాలు పనిచేస్తున్నాయా లేదా అని బండే తనను తాను చూసుకోవాలి. అందుకు సెన్సార్లు పెరిగాయి. పాత బండిలోనూ ఇవే లోపాలు వచ్చేవి, చెప్పే దిక్కు లేదంతే.

కోడ్ వేరు, కారణం వేరు

ఇంట్లో ఎంసీబీ పడిపోయిందనుకోండి. ఆ లైనులో ఏదో ఎక్కువ కరెంటు లాగిందని తెలుస్తుంది. అది మోటారా, గీజరా, గోడలో తడిసిన వైరా అన్నది ఎంసీబీ చెప్పదు. కోడ్ పరిస్థితి కూడా ఇదే.

కోడ్ చదివే పరికరం, అంటే స్కానరు, పెట్టినప్పుడు వచ్చే కోడ్ ఒక అక్షరం, నాలుగు అంకెలు. పీ అంటే ఇంజిను, గేరుబాక్సు. సీ అంటే బ్రేకులు, స్టీరింగు వైపు. బీ అంటే ఎయిర్‌బ్యాగుల్లాంటి బాడీ భాగాలు. యూ అంటే బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడంలో తేడా.

పీ0171 అనే కోడ్ తీసుకుందాం. ఇంజినులోకి పోయే మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని దాని అర్థం. ఈ సంగతి ఈసీయూకి చెప్పింది పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే సెన్సారు. అంత మాత్రాన ఆ సెన్సారు పోయిందని కాదు, అది నిజమే చెప్పి ఉండొచ్చు. ఎక్కడో రబ్బరు గొట్టం పగిలి అదనంగా గాలి పీలుస్తూ ఉండొచ్చు. పెట్రోలు పంపు బలహీనపడి ఉండొచ్చు. ఇంజెక్టరు మూసుకుపోయి ఉండొచ్చు. గాలిని కొలిచే సెన్సారు మీద దుమ్ము పేరుకుని, వచ్చిన గాలిని తక్కువగా లెక్కగడుతూ ఉండొచ్చు. చీమకుర్తి గ్రానైటు క్వారీల దారిలో రోజూ తిరిగే బండికి నాసిరకం గాలి ఫిల్టరు వేస్తే ఈ చివరిది జరగడానికి చాలా అవకాశం ఉంది.

పీ0420 ఇంకా ఖరీదైన ఉదాహరణ. కన్వర్టరు పని తగ్గిందని దాని అర్థం. కన్వర్టరుకు ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సార్లుంటాయి. కన్వర్టరు బాగుంటే ముందు సెన్సారు రీడింగు పైకీ కిందకీ ఊగుతున్నా, వెనకది దాదాపు నిలకడగా ఉంటుంది. వెనకది కూడా ముందుదానిలాగే ఊగడం మొదలుపెడితే ఈసీయూ ఈ కోడ్ రాస్తుంది. అయితే సైలెన్సరు గొట్టానికి చిన్న లీకున్నా, వెనక సెన్సారే పాడైనా ఇదే కోడ్ రావచ్చు. కన్వర్టరు నిజంగానే పోయి ఉన్నా, దాన్ని కాల్చిన అసలు కారణాన్ని వెతకకుండా కొత్తది బిగిస్తే కొన్నాళ్లకు అదీ పోతుంది.

కోడ్ వచ్చాక చేయాల్సిన పరీక్ష అందుకే ముఖ్యం. గొట్టాల్లో లీకు చూడడం, పెట్రోలు ప్రెషరు కొలవడం, వైరింగులో వోల్టేజి చూడడం. వీటికి గంటో రెండు గంటలో పడుతుంది. కోడ్ చూసి పార్టు మార్చడానికి అంత సేపు పట్టదు. ఈ రెండింటి మధ్య తేడాకు డబ్బు కట్టేది ఎప్పుడూ బండి యజమానే కావడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఉప్పుగాలి, వాన, ఎలుకలు

మన దగ్గర సెన్సారు కన్నా ముందు దాని కనెక్టరే పోయే సందర్భాలు తక్కువేం కాదు. మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రానికి దగ్గర్లో బయట నిలబెట్టే బండ్లలో కనెక్టరు విప్పి చూస్తే రాగి పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తుంది. ఆ పిన్ను దగ్గర కరెంటు సరిగా పారదు, సెన్సారు చెప్పే విలువ తప్పుగా చేరుతుంది. సెన్సారు మార్చేటప్పుడు కనెక్టరును లాగి మళ్లీ గుచ్చుతారు కదా, ఆ రాపిడికి చిలుము కాస్త చెదిరి లైటు పోతుంది. కొత్త సెన్సారు వల్లే బాగైందని అందరూ అనుకుంటారు. చిలుము మళ్లీ పట్టగానే లైటు మళ్లీ పడుతుంది.

విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లకు ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లైటు పడడానికి ఒక్కోసారి చక్రం దగ్గరి సెన్సారుకు పట్టిన బురదే కారణం. ఇంజిను వేడికి చేరిన ఎలుకలు వైర్లు కొరికితే ఒకేసారి నాలుగైదు లైట్లు పడతాయి. అలా పడ్డప్పుడు నాలుగైదు పార్టులు ఒకేసారి పోయాయనుకోవడం కన్నా, అన్నింటికీ కలిసే ఒక వైరో, ఎర్తో, దిగిపోయిన బ్యాటరీయో కారణమని అనుమానించడమే సబబు.

వరద సంగతి వేరు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు నీళ్లలో నిలిచిన బండ్లను చూసినవాళ్లకు ఇది గుర్తుంటుంది. నిలిచిన బండికి పెద్ద నష్టం చాలాసార్లు నీళ్ల వల్ల కాదు, తర్వాత స్టార్టు చేయడం వల్ల. సిలిండరులో చేరిన నీరు నొక్కుకుపోదు, లోపలి రాడ్లు వంగిపోతాయి. మామూలు బీమా పాలసీలో కంపెనీలు దీన్ని వరద నష్టంగా కాక, స్టార్టు చేయడం వల్ల వచ్చిన నష్టంగా చూసి కాదనే అవకాశం ఉంది. ఇంజిను రక్షణ పేరుతో విడిగా అమ్మే యాడ్-ఆన్ దీనికోసమే.

డీజిల్ వాళ్లకు డీపీఎఫ్, పెట్రోలు వాళ్లకు ఈ20

బీఎస్‌-6 డీజిల్ బండ్లలో మసిని పట్టుకునే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. అది నిండాక సుమారు 600 డిగ్రీల వేడితో ఆ మసిని తనే కాల్చేసుకోవాలి. అంత వేడి పుట్టాలంటే బండి కాసేపు నిలకడైన వేగంతో పోవాలి. మాగుంట లేఅవుట్ నుంచి ట్రంకు రోడ్డు దాకా, అక్కడి నుంచి బడి దాకా మాత్రమే తిరిగే డీజిల్ బండికి ఆ అవకాశం దొరకదు. లైటు పడిన మొదట్లో హైవే మీద పదిహేను ఇరవై నిమిషాలు పోనిస్తే చాలావరకు ఆరిపోతుంది. పట్టించుకోకపోతే సర్వీస్ సెంటరులో స్కానరుతో కాల్చాలి. అదీ కుదరకపోతే ఫిల్టరు మార్చాలి. కంపెనీలు దీన్ని లోపం కాదు, వాడకం తీరు అంటాయి. సాంకేతికంగా అది నిజం. కానీ ఊళ్లో తిరగడానికే కొంటున్నామని చెప్పిన మనిషికి అమ్మేటప్పుడు ఈ సంగతి చెప్పకపోతే, ఆయన కోపమూ న్యాయమైనదే.

ఈ20 గురించి వాదన 2025లో బాగా ముదిరింది. 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు వల్లే లైట్లు పడుతున్నాయని కొందరంటున్నారు, అదంతా అపోహ అని ప్రభుత్వం అంటోంది. ఇథనాలులోనే కొంత ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అంతే గాలికి ఇంధనం కాస్త ఎక్కువ కావాలి. ఈసీయూ ఆ మేరకు పెంచుతుంది. కానీ ఆ పెంపునకూ ఒక హద్దుంది. అన్నీ బాగున్న బండి మామూలుగా ఆ హద్దులోపలే సర్దుకుంటుంది. పంపు అప్పటికే బలహీనంగా ఉన్నదో, గొట్టం లీకున్నదో అయితే హద్దు దాటి పీ0171 లాంటి కోడ్ వేస్తుంది. అప్పుడు కారణం ఇథనాలా, పాత పంపా అంటే రెండింటికీ వాటా ఉంది. మైలేజీ విషయంలో, ఇథనాలు లేని పెట్రోలు కోసం తయారై 10 శాతానికి సర్దిన కార్లకు ఈ20తో 6-7 శాతం దాకా తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది.

పదివేల ముప్పై రూపాయల బిల్లు

అంకెలతో చూద్దాం. ఇది లెక్క కోసం వేసుకున్న ఉదాహరణ. ఆక్సిజన్ సెన్సారు 6,500, లేబరు 1,200, స్కానింగు 800. మొత్తం 8,500. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,530. కట్టాల్సింది 10,030 రూపాయలు. విడిభాగాల్లో కొన్నింటి మీద 28 శాతం ఉండే పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 18కి దిగింది, లేబరు మీద ముందునుంచీ 18 శాతమే.

వారానికి లైటు మళ్లీ పడింది. ఈసారి కనెక్టరులో చిలుము కనిపించింది, శుభ్రం చేసి 600 తీసుకున్నారు. మొదటి 10,030 ఎవరి ఖాతాలో పడాలి?

సర్వీస్ అడ్వైజరు ఇలా అంటాడు: "సార్, కోడ్ ఆ సెన్సారుదే వచ్చింది. కంపెనీ చెప్పిన పద్ధతి ప్రకారమే మార్చాం. పాతది కూడా బలహీనంగానే ఉంది." ఆయన మాటలో కొంత నిజముంది. వారంటీ పనులకు కంపెనీ అనుమతి కావాలి, పార్టును విప్పి బాగుచేయడం కన్నా మొత్తం మార్చే పద్ధతే వాళ్లకు నేర్పుతారు, ఒక్కో పనికి ఇంత సమయమని ముందే లెక్క ఉంటుంది. సాయంత్రానికి పది బండ్లు బయటికి పోవాలి. యజమాని అడిగేది మరొకటి: "పరీక్షించి మార్చారా, ఊహించి మార్చారా?" జవాబు బిల్లులో ఉండదు, ఫిర్యాదు, చేసిన పని రాసే జాబ్ కార్డులో ఉండాలి. అక్కడ "చెక్ ఇంజిన్ లైటు, సెన్సారు మార్చాం" అని మాత్రమే ఉంటే పరీక్ష జరిగిన ఆధారం లేనట్టే. కోడ్ నంబరు, తీసుకున్న రీడింగు, పాత పార్టు చేతికి ఇవ్వడం ఉంటే షోరూముకే బలం.

ఆధారం చెరిగిపోయే తీరు కూడా ఒకటుంది. కోడ్ పడిన క్షణంలో బండి వేగం, ఇంజిను చుట్లు, వేడి ఎంతున్నాయో ఈసీయూ దాచుకుంటుంది. దీన్నే ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. బయట ఎవరైనా స్కానరుతో లైటు ఆర్పేస్తే ఆ సమాచారం పోతుంది. చాలా బండ్లలో బ్యాటరీ వైరు తీసినా పోతుంది. తర్వాత షోరూములో "లోపం ఏమీ కనబడలేదు" అంటే అది అబద్ధం కాకపోవచ్చు. అప్పుడు కిలోమీటర్ల అంకెతో సహా తీసిన ఫోటో ఒక్కటే మిగులుతుంది.

వారంటీ ఎక్కడ ఆగుతుంది

మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు అని రాసి ఉంటే, ఏది ముందు పూర్తయితే అక్కడితో సరి. వారంటీ తయారీ లోపానికే. అరిగిపోయే ప్యాడ్లు, క్లచ్చు ప్లేటు, ఎలుకలు కొరికిన వైర్లు, నీళ్లలో మునిగిన ఇంజిను అందులోకి రావు.

వచ్చిపోయే లోపాలతోనే అసలు చిక్కు. 35వ నెలలో లైటు పడిందని చెప్పారు, ఏమీ కనబడలేదని పంపేశారు, 38వ నెలలో అదే లోపం బయటపడింది. మొదటిసారి జాబ్ కార్డు మీద ఎక్కి ఉంటే, గడువులోపే ఫిర్యాదు చేశానని వాదించడానికి పట్టు దొరుకుతుంది. నోటిమాటగా చెప్పి ఉంటే ఏమీ లేదు.

బయట మ్యూజిక్ సిస్టమో, లైట్లో బిగించుకుంటే వారంటీ మొత్తం పోతుందనే మాట ప్రచారంలో ఉంది. వైరు కోసి అతికిస్తే ఆ సర్క్యూటు వరకు కంపెనీ కాదనడం అర్థం చేసుకోవచ్చు. ముందు స్పీకర్లు మార్చినందుకు గేరుబాక్సు వారంటీ లేదనడానికి మాత్రం ఆ రెండింటికీ సంబంధం చూపించాలి.

షోరూమా, బయటి మెకానిక్కా

కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు ఉన్నవాళ్లకు ఇది ఇష్టాయిష్టాల ప్రశ్న కాదు. చాలా కంపెనీల పెద్ద వర్క్‌షాపు కోసం ఒంగోలుకో నెల్లూరుకో రావాలి, ఒక రోజు కూలీ పోతుంది. ఊళ్లో మెకానిక్కు ఆ బండిని ఏళ్లుగా చూస్తున్నాడు, వైరు చిలుము గీకి ఐదొందలతో పంపిస్తాడు. ఆయన దగ్గర లేనిది కంపెనీ స్కానరు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. మార్కెట్లో దొరికే చవక స్కానరు ఇంజిను కోడ్లు చదువుతుంది, ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్ కోడ్లు చాలావరకు చదవలేదు.

ఈ తేడా దానంతట అది వచ్చింది కాదు. 2014 ఆగస్టులో, మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, రిపేరు సమాచారం, స్కానింగు పరికరాలు బయటి మెకానిక్కులకు అందకుండా చేస్తున్నారన్నది అందులోని ప్రధాన అభియోగం. అది అప్పీళ్లకు వెళ్లింది. నైపుణ్యం లేనివాళ్ల చేతిలో భద్రతకు ముప్పన్నది కంపెనీల వాదన. ఎయిర్‌బ్యాగు విషయంలో ఆ మాటను కొట్టిపారేయలేం. ఆక్సిజన్ సెన్సారు విషయంలో అది నిలబడుతుందని నేననుకోను. 2022 డిసెంబరులో కేంద్రం తెచ్చిన రైట్ టు రిపేర్ (రిపేరు సమాచారం కొన్నవాళ్లకు అందించే) పోర్టల్‌లో వాహనాల రంగాన్నీ చేర్చారు.

డబ్బు కడితేనే బండి ఇస్తామంటే

బిల్లు మీద గొడవపడ్డాక "కట్టందే బండి కదలదు" అనడం దౌర్జన్యంలా ఉంటుంది కానీ, దానికి చట్టంలో చోటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షను ప్రకారం, వస్తువు మీద శ్రమ, నైపుణ్యం వెచ్చించినవాడు తన కూలి వచ్చేదాకా ఆ వస్తువును అట్టిపెట్టుకోవచ్చు. అది ఒప్పుకున్న పనికే వర్తిస్తుంది, అడగకుండా చేసిన పనికి కాదు. అందుకే అభ్యంతరంతో చెల్లిస్తున్నానని బిల్లు మీద రాసి, కట్టి, బండి తెచ్చుకుని తర్వాత ఫిర్యాదు చేసేవాళ్లున్నారు.

ఆ ఫిర్యాదుకు మొదటి మెట్టు 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అది కంపెనీతో మాట్లాడి రాజీ కుదురుస్తుంది, తీర్పు ఇవ్వదు. తీర్పు కావాలంటే నెల్లూరు, ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్లున్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మనం ఉండే చోటే కేసు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. జిల్లా కమిషన్ 50 లక్షల దాకా వినగలదు. పార్టులో లోపం ఉందో లేదో పరీక్ష లేకుండా తేలదనుకుంటే కమిషను దాన్ని ల్యాబుకు పంపించొచ్చు. పాత సెన్సారు ఇంటికి తెచ్చుకున్నవాళ్లకు ఆ దారి తెరిచే ఉంటుంది. గడువు మాత్రం రెండేళ్లు, ఆ లెక్క మొదలయ్యేది తగాదాకు కారణం పుట్టిన రోజు నుంచి.